కర్నూలులో స్కూల్ కౌన్సెలర్లకు ఆరు రోజుల శిక్షణ: ఏ రోజుకు ఎంత విలువ?

తీర్పు ముందే చెప్పేస్తాం. ఈ శిక్షణలో రెండో రోజు, మూడో రోజు, ఆరు రోజులూ అయ్యాక మూడు నెలలు నడిచే కేసు చర్చలు చాలా బాగున్నాయి. వీటి కోసమే ఫీజు మొత్తం కట్టినా నష్టం లేదు. నాలుగో రోజు ముక్కాలు వంతు బాగుంది. ఐదో రోజులో సగం భాగం పిల్లలకు హాని చేసేదే, దాన్ని తీసేయాలి. ఇక కర్నూలు, అనంతపురం, కడప పిల్లల బతుకుల్లో ఉన్న కొన్ని ముఖ్యమైన సంగతులు ఆరు రోజుల్లో ఎక్కడా కనిపించవు.

శిక్షణ ఇచ్చేది ఒక ప్రైవేటు సంస్థ. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంచుమించు ఇదే పాఠ్యక్రమాన్ని మూడు జిల్లా కేంద్రాల్లోనూ వేర్వేరు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి బోర్డు మీది పేరు కన్నా లోపల ఏముందో తెలియడమే మీకు పనికొస్తుంది. వరుసగా మూడు వారాలు శని, ఆదివారాల్లో రోజుకు ఆరు గంటల చొప్పున మొత్తం 36 గంటలు. బ్యాచ్‌కు 24 మంది, ముగ్గురు శిక్షకులు. ఫీజు 7,500 రూపాయలు, మధ్యాహ్న భోజనం, పుస్తకం అందులోనే.

ఇలాంటి శిక్షణలకు ఇప్పుడింత గిరాకీ రావడానికి ఒక కారణం ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో రిఫరల్ ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్స, ప్రమాద సంకేతాలు గుర్తించడం, స్వీయహానికి స్పందించడం, రిఫరల్ మీద శిక్షణ ఇప్పించాలి. తీర్పు రాగానే యాజమాన్యాలు ‘ఎవరో ఒకరిని శిక్షణకు పంపి సర్టిఫికెట్ తెప్పిద్దాం’ అనే దారి పట్టాయి. ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. తీర్పు అడిగింది పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో చూపించదగిన శిక్షణ ఉన్న మనిషిని. బయాలజీ టీచరుకు 36 గంటల శిక్షణ ఇప్పించి ఆ షరతు తీరిందనుకోవడం మా దృష్టిలో సరికాదు. సిబ్బందికి ఇప్పించాల్సిన శిక్షణగా అయితే ఇది నిక్షేపంగా పనికొస్తుంది. సర్టిఫికెట్ మీద ‘సర్టిఫైడ్ కౌన్సెలర్’ అని ఉంటుంది. దాన్ని చూసుకుని తలుపు మీద ‘సైకాలజిస్ట్’ అని రాయించుకోకూడదు. క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి.

మొదటి రోజు పరిచయాలతో, ‘కౌన్సెలింగ్ అంటే ఏమిటి’ అనే ఉపన్యాసంతో మధ్యాహ్నం వరకు సాగుతుంది. అందులో చాలా భాగం పుస్తకంలోనే ఉంది. మధ్యాహ్నం తర్వాత రెండు మంచి పనులు చేస్తారు. ఒకటి, రెండు టోపీల సమస్య. మన బడుల్లో కౌన్సెలర్ అంటే చాలాచోట్ల అదనపు బాధ్యత అప్పగించిన టీచరో, హాస్టల్ వార్డెనో. మార్కులు వేసే చెయ్యి, దండించే చెయ్యి, ఓదార్చే చెయ్యి ఒకటే అయితే పిల్ల నోరు విప్పదు. ఎవరి తరగతి పిల్లలను వాళ్లు చూడకుండా ఇద్దరు టీచర్లు మార్చుకోవాలని, వార్డెన్ అయితే తన హాస్టల్ పిల్లలను పక్క బడి కౌన్సెలర్‌కు అప్పగించాలని శిక్షకులు చెప్పే ఉపాయం సులువైనది, ఖర్చు లేనిది.

రెండోది గోప్యత గురించి పిల్లలకు మొదటే చెప్పాల్సిన నాలుగు మాటలు. ప్రతి ఒక్కరూ లేచి, నిమిషంలోపు, పుస్తకం చూడకుండా చెప్పాలి. ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘నువ్వు ఈడ చెప్పేది నా దగ్గరే ఉంటాది. మూడు మాత్రం దాచలేను. నీ ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే, నీ వల్ల ఇంకొకరికి ముప్పు ఉందనిపిస్తే, నిన్ను ఎవరన్నా బాధపెడతాన్నారని తెలిస్తే, కాపాడేవాళ్లకు చెప్పాల్సి వస్తాది. చెప్పే ముందు నీకు చెప్పే చెప్తా.’ ఈ మాట ముందు చెప్పకుండా, పిల్ల అంతా చెప్పుకున్నాక ‘ఇది హెచ్‌ఎం గారికి చెప్పాలి’ అంటే ఆ పిల్ల మళ్లీ ఆ గది గడప తొక్కదు. ఆమె స్నేహితురాళ్లూ రారు. అరగంట సాధన చేయించే ఈ చిన్న భాగానికి ఉదయమంతా ఇచ్చినా తప్పు లేదు.

రెండో రోజు అసలు పని మొదలవుతుంది. ముగ్గురేసి చొప్పున కూర్చుంటారు. ఒకరు కౌన్సెలర్, ఒకరు విద్యార్థి, ఒకరు పరిశీలకులు. పన్నెండు నిమిషాల సంభాషణ, ఐదు నిమిషాల చర్చ, తర్వాత పాత్రలు మారాలి. పరిశీలకుల చేతిలో ఒక కాగితం ఉంటుంది. అందులో నాలుగు గడులు: విప్పి చెప్పించే ప్రశ్న, అవును-కాదు ప్రశ్న, పిల్లవాడి మాటను తిరిగి వాడికే అద్దంలా చెప్పడం, సలహా. ప్రతి మాటకూ ఒక గీత పెట్టాలి. మొదటి విడతలో సలహా గడి గీతలతో నిండిపోతుంది, మూడో గడి దాదాపు ఖాళీ. టీచరు వృత్తిలో ఏళ్లు గడిపినవారికి అడగకముందే జవాబు చెప్పడం అలవాటు. పైగా పిల్లవాడు రెండు క్షణాలు మౌనంగా ఉంటే ఆ ఖాళీని నింపేయాలనే తొందర. శిక్షకులు పెట్టిన నియమం ఒకటే: మొదటి ఎనిమిది నిమిషాలు సలహా నిషిద్ధం. పిల్లవాడు ఆగితే మనసులో పది లెక్కపెట్టుకోవాలి. ‘ఎందుకు చేశావు?’ అనేది విచారణలా వినిపిస్తుంది కాబట్టి దాని బదులు ‘ఏం జరిగింది?’, ‘అప్పుడు నీకెట్లా అనిపించింది?’ అని అడగాలి. సాయంత్రం నాలుగో విడత వచ్చేసరికి కాగితం మీద తేడా కంటికి కనిపిస్తుంది. ఇలా గీతలు లెక్కపెట్టి చూపించే పద్ధతి ఉన్న శిక్షణలు తక్కువ. చాలాచోట్ల ‘శ్రద్ధగా వినండి’ అని పవర్‌పాయింట్‌లో చూపించి ముందుకు పోతారు.

ఇందులో ఒక లోపం ఉంది. రోల్ ప్లే కోసం ఇచ్చే కేసు కాగితాలన్నీ పాఠ్యపుస్తకం తెలుగులో ఉన్నాయి. ‘నేను తీవ్రమైన నిరాశకు లోనవుతున్నాను’ అని కోసిగిలో గానీ, కళ్యాణదుర్గంలో గానీ ఏ పిల్లా అనదు. ‘మనసేమీ బాగల్యా సార్’, ‘అన్నం సయించల్యా’, ‘తలకాయ నొస్తాంది’, ‘ఊరికే ఏడుపొస్తాంది మేడం’ అంటారు. వారానికి మూడుసార్లు తలనొప్పనో కడుపునొప్పనో ఇంటికి పంపమని అడిగే పిల్లను గుర్తుపట్టడమే మన బడుల్లో కౌన్సెలర్ చేయాల్సిన మొదటి పని. ఆ మాటలతో సాధన చేయకపోతే, సోమవారం బడికి వెళ్లాక చెవికి తగలవు. శిక్షకులు రాసిన కాగితాలు పక్కన పెట్టి, శిక్షణకు వచ్చినవాళ్లచేతనే తమ బడుల్లో వినే మాటలతో కేసులు రాయిస్తే పైసా ఖర్చు లేకుండా ఇది సరిపోతుంది.

మూడో రోజు ఆత్మహత్య ప్రమాదం గుర్తించడం మీద. ఆరు రోజుల్లో ఇదే గుండెకాయ. మొదటి గంటలోనే ఒక భయాన్ని పోగొడతారు. ‘అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో’ అని టీచర్లు జంకుతారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదని పరిశోధనలు తేల్చాయి. చాలామంది పిల్లలకు ఎవరో ఒకరు అడిగినందుకే ఊరట దొరుకుతుంది. అయితే అడిగే తీరులో ఉంది కిటుకు. ‘ఏమన్నా పిచ్చి పనులు చేయాలనుకుంటాన్నావా?’ అంటే ‘లేదు’ అనే జవాబును మనమే నోట్లో పెట్టినట్టు. ‘చచ్చిపోవాలనిపిస్తాందా?’ అని నేరుగా, గొంతు మార్చకుండా అడగాలి. ఈ ఒక్క వాక్యం పలకడానికి నోరు రాని వాళ్లు గదిలో సగం మంది ఉంటారు. అందుకే దాన్ని ఒకరి తర్వాత ఒకరు పలికే వరకు శిక్షకులు వదలరు. ఆ పట్టుదల మాకు బాగా నచ్చింది.

జవాబు ‘అవును’ అయితే తర్వాతి ప్రశ్నల వరుస, ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేసే కొలంబియా స్కేలు ప్రకారం నేర్పుతారు. ఆలోచన మాత్రమేనా, ఎలా అని ఆలోచించాడా, చేయాలనే ఉద్దేశం ఉందా, ఏర్పాటు చేసుకున్నాడా, ఇంతకుముందు ప్రయత్నించాడా అని, మొదటి ప్రశ్నతో కలిపి మొత్తం ఆరు ప్రశ్నలు. వాటిలో ఎక్కడ ‘అవును’ వస్తే ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో, ఎక్కడ వారంలో మళ్లీ కలవడం సరిపోతుందో గోడ మీద అంటించుకునేలా ఒక పేజీ ఇస్తారు. ప్రమాదం ఎక్కువుంటే చేయాల్సిన పనుల వరుస కూడా అందులోనే ఉంది. పిల్లను ఒంటరిగా వదలకూడదు, బాత్రూముకు వెళ్లినా తోడు ఉండాలి. ఇంకో టీచరును పిలవాలి. అమ్మానాన్నలకు ఫోన్ చేసి రప్పించాలి. పిల్లను స్నేహితులతో ఇంటికి పంపకూడదు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి అదే రోజు పంపాలి. రాత్రి పూటయినా, పల్లెలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, 24 గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

తల్లిదండ్రులతో మాట్లాడే భాగంలో శిక్షకురాలు పురుగుమందు డబ్బా సంగతి ఎత్తడం చాలా అవసరమైన పని. వేరుశనగ, పత్తి, మిరప వేసే ఇళ్లల్లో మందు డబ్బా వసారాలో గోడవారనే ఉంటుంది. చచ్చిపోవాలనే ఆలోచన తీవ్రంగా ఉండే గడియలు చాలామందిలో కొద్దిసేపే. ఆ కాసేపు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. అందుకే ‘మీ ఇంట్లో మందు యాడ పెడతారన్నా? కొన్నాళ్లు తాళం వేసిన చోట గానీ, వేరే ఇంట్లో గానీ పెట్టండి. మాత్రలు కూడా మీ దగ్గరే ఉంచుకోండి’ అని తప్పు పట్టే గొంతు లేకుండా అడగడం నేర్పుతారు. తండ్రి పాత్ర వేసిన వ్యక్తి కోపంతో ‘మా పిల్లకు పిచ్చి పట్టిందంటారా?’ అని లేచినప్పుడు ఎలా నిలదొక్కుకోవాలో కూడా సాధన చేయిస్తారు.

భద్రతా ప్రణాళిక అనే ఒక పేజీ కాగితం పిల్ల సొంత మాటల్లో రాయిస్తారు. అందులో ఆరు భాగాలు: మనసు చెడబోతోందని తెలిపే గుర్తులు, ఒంటరిగా చేయగల పనులు, మనసు మళ్లించే చోట్లు, మనుషులు, సాయం అడగగల ఇద్దరి ముగ్గురి పేర్లు, నిపుణుల, హెల్ప్‌లైన్ నంబర్లు, ఇంట్లో ప్రమాదకరమైనవి దూరం పెట్టడం. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అలవాటు మన బడుల్లో ఉంది: ‘ఇకపై ఇలాంటి పని చేయను’ అని పిల్లచేత రాయించి, తండ్రిచేత సంతకం పెట్టించుకోవడం. ఆ కాగితం యాజమాన్యాన్ని కాపాడొచ్చేమో గానీ పిల్లను కాపాడదు. మాట తప్పినట్టవుతుందని మళ్లీ ఆలోచన వచ్చినప్పుడు దాచేలా చేస్తుంది. శిక్షకులు దీన్ని మొహమాటం లేకుండా ఖండించారు.

ఈ రోజు రోల్ ప్లేలు బరువైనవి. విద్యార్థి పాత్ర వేసినవాళ్లు అయిపోగానే లేచి, వేరే కుర్చీలో కూర్చుని, తమ అసలు పేరు, ఊరు చెప్పాలి. వేయలేనివాళ్లు పొద్దున్నే చెబితే పరిశీలకులుగా ఉంచుతారు. ఈ జాగ్రత్త లేని శిక్షణలో సొంత ఇంట్లో ఇలాంటి నష్టం జరిగినవాళ్లు గదిలోనే కుప్పకూలే ప్రమాదం ఉంది. కాబట్టి ఎక్కడ చేరినా ముందు ఈ ఏర్పాటు ఉందో లేదో అడగండి.

మూడో రోజులో లోటు ఒక్కటే, కానీ పెద్దది. ప్రయత్నించి బతికిన పిల్ల మళ్లీ బడికి వచ్చే రోజు గురించి పది నిమిషాలే మాట్లాడారు. తరగతిలో ఎవరు ఏం చెప్పాలి, తప్పిపోయిన పరీక్షల సంగతి ఏమిటి, మొదటి రెండు వారాలు రోజూ ఎవరు పలకరించాలి, వాట్సాప్ గ్రూపుల్లో మాటలు ఎలా ఆపాలి? బడిలో ఒక బిడ్డను పోగొట్టుకున్నాక ప్రార్థన సమావేశంలో ఎలా చనిపోయాడో వివరించకూడదని, పోయిన బిడ్డను వీరుడిగా చూపకూడదని, దగ్గరి స్నేహితులను విడిగా కలవాలని తెలియక చాలా బడులు రెండో ప్రమాదానికి దారి తీస్తాయి. దీనికి సగం రోజు కేటాయించాలి. ఐదో రోజు ఎలాగూ ఖాళీ చేయదగ్గదే.

నాలుగో రోజు చట్టాలు. బాలల కేసులు చూసే ఒక న్యాయవాది వచ్చి పోక్సో చట్టం చెప్పారు. 2012 చట్టంలోని 19వ సెక్షను ప్రకారం, లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందనే భయం ఉన్నా, ఎవరైనా సరే ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ స్థానిక పోలీసులకు గానీ చెప్పి తీరాలి. 21వ సెక్షను కింద చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాస్తే ఏడాది వరకు జైలు, జరిమానా. ముందు హెచ్‌ఎం అనుమతి తీసుకోవాలని గానీ, యాజమాన్యం కమిటీ తేల్చాలని గానీ చట్టంలో ఎక్కడా లేదు. ఊరి పెద్దమనుషుల పంచాయితీలో తేల్చుకోవడం ఈ చట్టం ముందు చెల్లదని ఆయన గట్టిగా చెప్పారు. కౌన్సెలర్ పని విచారణ కాదు. పిల్ల చెప్పిన మాటలను ఆమె మాటల్లోనే తేదీ, సమయంతో రాసుకోవాలి. మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. ‘ఆయన నిన్ను ముట్టుకున్నాడా?’ లాంటి జవాబు అందించే ప్రశ్నలు వేయకూడదు. బాలల సంక్షేమ కమిటీ, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్, బాలల హెల్ప్‌లైన్ 1098, వీటిలో ఎప్పుడు ఏది వాడాలో ఒక బొమ్మ గీసి చూపించారు. ఈ భాగం చక్కగా ఉంది.

అయితే ఇంటర్ కాలేజీల కౌన్సెలర్లకు రోజూ ఎదురయ్యే చిక్కును ఆయన దాటేశారు. పదిహేడేళ్ల అమ్మాయి, పద్దెనిమిదేళ్ల అబ్బాయి ఇష్టపడి దగ్గరైతే, పద్దెనిమిది నిండనంత వరకు ఆమె ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. అది చెప్పి తీరాల్సిన విషయమే అవుతుంది. ఇది తెలియని కౌన్సెలర్ చిక్కుల్లో పడతాడు. తెలిసిన కౌన్సెలర్ దగ్గరికి అమ్మాయి రాదు. మొదటి రోజు నేర్పిన గోప్యత మాటల్లోనే ఈ హద్దును ఎలా ఇమిడ్చి చెప్పాలో సాధన చేయించి ఉంటే బాగుండేది. బాల్య వివాహాల సంగతి కూడా పది వాక్యాల్లో ముగిసింది. దసరా సెలవులకో సంక్రాంతికో ఇంటికి వెళ్లిన తొమ్మిదో తరగతి పిల్ల తిరిగి రాకపోతే మొదటి వారంలో ఎవరికి ఫోన్ చేయాలి, సచివాలయం మహిళా పోలీసు ఏం చేయగలరు, ఫిర్యాదు చేసింది బడేనని ఊళ్లో తెలియకుండా ఎలా జాగ్రత్తపడాలి అన్నవి మన జిల్లాల్లో పుస్తకంలో మొదటి అధ్యాయం కావాలి.

ఐదో రోజు పరీక్షలు, కెరీర్ గైడెన్స్. పొద్దున ‘మీ పిల్లలు చూసి నేర్చుకుంటారా, విని నేర్చుకుంటారా’ అనే ప్రశ్నావళి. అలా పిల్లలను వర్గాలు చేసి దానికి తగ్గట్టు బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి పరిశోధన ఆధారం లేదు. ఆ తర్వాత వేలిముద్రలతో తెలివితేటలు, సరిపోయే ఉద్యోగం చెప్పే పరీక్ష గురించి ప్రదర్శన, దాన్ని బడుల్లో అమ్మిపెడితే వచ్చే కమిషను వివరాలు. వేలిముద్ర గీతలకూ పిల్లవాడి సామర్థ్యానికీ శాస్త్రీయ సంబంధం ఏమీ లేదు. కూలి చేసుకునే తల్లిదండ్రుల చేత వేల రూపాయలు పెట్టించి, ‘మీవాడికి లెక్కలు రావు’ అని ముద్ర వేయడం కౌన్సెలింగ్‌కు పూర్తిగా విరుద్ధం. మూడో రోజు అంత బాధ్యతగా నేర్పిన సంస్థ దీనికి ఒప్పుకోవడం బాధ కలిగిస్తుంది.

అదే సమయంలో నిజంగా పనికొచ్చే రెండు సాధనాలను హడావిడిగా దాటేశారు. పిల్లల భావోద్వేగాలు, ప్రవర్తన గురించి అడిగే 25 ప్రశ్నల ఎస్‌డీక్యూ ఒకటి, డిప్రెషన్ లక్షణాల గురించి అడిగే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 రెండోది. పీహెచ్‌క్యూలో మార్కులు 0 నుంచి 27 వరకు వస్తాయి. పది గానీ, అంతకు మించి గానీ వస్తే వివరంగా చూడాలని సూచన మాత్రమే, జబ్బు ఉందని నిర్ధారణ కాదు. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచన గురించి. దానికి సున్నా కాక వేరే ఏ జవాబు వచ్చినా మొత్తం మార్కులు ఎంతైనా ఆరోజే ఆ పిల్లను కలవాలి. బడుల్లో జరిగే తప్పు ఏమిటంటే, శనివారం ఒకేసారి రెండు వందల మందికి కాగితాలు పంచి, బీరువాలో పెట్టి, వచ్చే వారం చూద్దామనుకోవడం. సాయంత్రంలోగా ఎన్ని చదవగలరో అన్ని కాగితాలే ఇవ్వాలి. ఈ ఒక్క నియమం కూడా శిక్షణలో చెప్పలేదు.

చదువులో వెనకబడిన పిల్లల గురించి కూడా అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. అక్షరాలు తారుమారు చేసే ఏడో తరగతి పిల్లవాడిని సోమరి అనే ముందు మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో చూపించాలి, సర్టిఫికెట్ వస్తే పదో తరగతి పరీక్షల్లో మినహాయింపులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ పని మార్చిలో మొదలుపెడితే అందదు, తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టాలి. కెరీర్ గంటలో ఐఐటీ, నీట్ గురించి చెప్పారు గానీ, ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష గురించి చెప్పలేదు. అందులో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి తర్వాత ఆరేళ్ల కోర్సు, పాలిసెట్, ఐటీఐ ప్రస్తావన కూడా లేదు. ప్రభుత్వ బడి పిల్లవాడికి దారి చూపేవి ఇవే కదా.

ఆరో రోజు బృంద సెషన్లు, రికార్డులు. బృందానికి ఎనిమిది నుంచి పది మంది, నలభై ఐదు నిమిషాలు, ఒకే తరగతి పిల్లలు. హాజరు రిజిస్టరు వేరు, కేసు నోట్సు వేరు, రెండోది తాళం కింద. నోట్సులో కంటికి కనిపించినది, పిల్ల అన్నది రాయాలి, ‘దొంగ ఏడుపు’ లాంటి మన అభిప్రాయాలు రాయకూడదు. సరిపడా చెప్పారు.

ఈ శిక్షణను మిగతావాటి నుంచి వేరు చేసేది ఆ తర్వాతి మూడు నెలలు. నెలకోసారి, రెండు గంటలు, ఎనిమిది మందికి ఒక శిక్షకురాలు. దూరపు మండలాలవాళ్లు వీడియోలో చేరవచ్చు. ఒక్కొక్కరు ఒక కేసును పేరు, ఊరు మార్చి, ఒక పేజీలో రాసుకొస్తారు: ఏం జరిగింది, నేనేం చేశాను, ఎక్కడ ఆగిపోయాను, నాకేమనిపించింది. ఐదు నిమిషాలు చెప్పాలి, మిగతావాళ్లు ప్రశ్నలే అడగాలి, సలహాలు చివర్లో. చాలాచోట్ల కౌన్సెలర్ బడి మొత్తానికి ఒక్కరే. పిల్లలు చెప్పినవన్నీ మోసుకుని ఇంటికి వెళ్తారు, స్టాఫ్ రూంలో చెప్పుకోలేరు. నేర్చుకున్న నైపుణ్యం మూడు వారాల్లో పాత అలవాట్లలోకి జారిపోయేదీ ఇలా ఒంటరిగా ఉన్నప్పుడే. అందుకే ఈ చర్చలే శిక్షణలో అసలు సరుకు అంటున్నాం. కానీ సంస్థ వీటిని ‘ఇష్టమైతే రావచ్చు’ అని పెట్టింది. సర్టిఫికెట్ ఆరో రోజే చేతికొస్తుంది. దాంతో రెండో నెలకే హాజరు పలచబడుతుంది, బడులు సెలవు ఇవ్వవు. సర్టిఫికెట్‌ను మూడో చర్చ అయ్యాక ఇస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

ఆరు రోజుల్లో ఎక్కడా దొరకనిది మన నేల. ఆదోని, కౌతాళం, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో పనులు లేని నెలల్లో కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి, గుంటూరు వైపు మిరప కోతలకు. కొందరు పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు, కొందరు వెంట వెళ్లి నెలల తర్వాత తరగతికి తిరిగొస్తారు. ఆ పిల్లల్లో కనిపించే ముభావాన్ని, చదువులో వెనకబాటును శిక్షణ పుస్తకం ‘ప్రేరణ లోపం’ కింద వేస్తుంది. కడప, కర్నూలు పాతబస్తీ పిల్లలు ఉర్దూలో, ఆదోని, రాయదుర్గం వైపు పిల్లలు కన్నడలో ఏడుస్తారు. ఆ భాష రాని కౌన్సెలర్ ఎవరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, బంధువులను, తోటి పిల్లలను దుబాసీగా ఎందుకు పెట్టకూడదు అన్నది ఒక్క గంటలో చెప్పదగ్గ విషయం. జిల్లాలో ఏ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ ఎక్కడ, సంక్షేమ కమిటీ ఏ రోజు కూర్చుంటుంది అనే ఒక పేజీ పట్టిక ఇవ్వాలి. ప్రస్తుతానికి ఎవరికి వాళ్లే తయారు చేసుకోవాల్సి వస్తోంది. చేసుకునేటప్పుడు ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి చూసి రాసుకోండి.

వృత్తిగా ఇందులోనే ఉండాలనుకునేవాళ్లు దీనితో ఆగకూడదు. ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఏడాది కోర్సు: ఆరు నెలలు ఇంటి నుంచి చదువు, మూడు నెలలు కేంద్రంలో ఉండి సాధన, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రానికి కేంద్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. అనంతపురం నుంచి బెంగళూరు మీదుగా దారి సులువే. మూడు నెలల సాధనను 36 గంటలతో పోల్చలేం. అయితే ఉద్యోగంలో ఉన్న టీచరుకు మూడు నెలలు బయట ఉండటానికి డిప్యుటేషన్ దొరకాలి, అదే అసలు అడ్డంకి. దొరికినవాళ్లు ఆలోచించకుండా అటే వెళ్లాలి. దొరకనివాళ్లకు ఈ కర్నూలు శిక్షణ, ఐదో రోజు సెలవు పెట్టుకుని అయినా సరే, మంచి మొదలు.

చేరేవాళ్లకు కొన్ని సంగతులు. ఫీజు కట్టే ముందు కేసు చర్చల తేదీలు రాతపూర్వకంగా అడగండి. తేదీలు చెప్పలేని బ్యాచ్‌లో చేరకండి. 24 కన్నా ఎక్కువ మందిని తీసుకుంటే రెండో రోజు ముగ్గురి సాధనలో శిక్షకులు మీ దగ్గరికి రాలేరు, కాబట్టి ఆ లెక్క కూడా అడగండి. ఒకే బడి నుంచి ఇద్దరు రావడం మంచిది, తర్వాత ఒకరికొకరు తోడుంటారు. ప్రభుత్వ టీచర్లు పనిదినమైన శనివారాలకు ఓడీ (ఆన్ డ్యూటీ) కోసం ముందే డీఈఓ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. శిక్షణ మొదలయ్యాక హాజరు పత్రంతో వెళ్తే అది సెలవు కిందే పోతుంది.